ప్లాస్టిక్ స్టెంటు నిజంగా చవకేనా?

బెంగళూరులో ఏ పెద్దాసుపత్రి ఎండోస్కోపీ విభాగం ముందు కాసేపు కూర్చున్నా తెలుగు వినబడుతుంది. హిందూపురం, కదిరి, మదనపల్లె, అనంతపురం. తెల్లవారుజామున బయల్దేరి ఓపీ చీటీ వేళకు చేరుకునే ఊళ్ళు. కళ్ళు పసుపు పూసినట్టయిన మనిషిని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్ళాక, తలుపు సగం తెరిచి అటెండెంటును ఒక ప్రశ్న అడుగుతారు: "ప్లాస్టిక్ స్టెంట్ వెయ్యమంటారా, మెటలా?" క్యాన్సర్ గడ్డ వల్ల మూసుకున్న పిత్తనాళాన్ని, అంటే కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి దిగే దారిని, తెరిచి ఉంచే గొట్టమే స్టెంటు. ప్లాస్టిక్‌ది కొన్ని వేలు, మెటల్‌ది పదుల వేలు. నిర్ణయానికి పది నిమిషాలు. ఇంటివాళ్ళు అడిగే ఎదురు ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్నాళ్ళుంటారు సార్?" ఆరు నెలలో ఏడాదో అని జవాబు రాగానే లెక్క తేలిపోతుంది. ఆ మాత్రానికి అంత డబ్బెందుకు, ప్లాస్టిక్ వేసెయ్యండి.

ఆ లెక్క చాలాసార్లు తప్పు. డబ్బు తక్కువున్న ఇంటికి మరీ తప్పు. అలాగని ఏ అడ్డుకైనా మెటలే మేలు అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆ సంగతి తర్వాత.

ముందు లోపల జరిగేది చూద్దాం. కాలేయం రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. అదంతా సుమారు ఆరు మిల్లీమీటర్ల పిత్తనాళంలోంచి చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినంలోకి దిగాలి. పాంక్రియాస్ (క్లోమగ్రంథి) తల భాగంలో గడ్డ పెరిగితే నాళం కింది కొస నొక్కుకుపోతుంది. గాల్ బ్లాడర్ క్యాన్సరో, పిత్తనాళపు క్యాన్సరో అయితే పైన, కాలేయంలోంచి కుడి ఎడమ గొట్టాలు వచ్చి కలిసే చోట మూసుకుపోతుంది. పైత్యరసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్ళు పచ్చబడతాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారుతుంది, మలం సున్నం కలిపినట్టు తెల్లబడుతుంది, రాత్రుళ్ళు ఒళ్ళంతా దురద. నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు కాబట్టే మనవాళ్ళు ముందు పసరు పోయించడానికి వెళ్తారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు పోతుంది. నాళం మూసుకుని వచ్చిన కామెర్లకు పసరు ఏమీ చెయ్యదు. రెండు మూడు వారాలు పోతాయి, అంతే. తెల్లని మలం, దురద, బరువు తగ్గడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే కావలసింది అల్ట్రాసౌండ్.

స్టెంట్ అనగానే గుండె గుర్తొస్తుంది గానీ, ఆ మాటకు మూలం గుండె వైద్యం కాదు. 19వ శతాబ్దపు లండన్ దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ పళ్ళ అచ్చులు తీయడానికి తయారు చేసిన ముద్ద పదార్థం నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. నోట్లోంచి పంపిన ఎండోస్కోపు ద్వారా పిత్తనాళంలో ప్లాస్టిక్ గొట్టం నిలపడం 1980 ప్రాంతంలో జర్మనీలో డాక్టర్ సోహేంద్ర బృందంతో మొదలైంది. విచ్చుకునే మెటల్ జాలీలు ఆ దశాబ్దం చివర్లో వచ్చాయి.

ప్లాస్టిక్ స్టెంటు సైజును ఫ్రెంచ్‌లలో చెబుతారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. మామూలుగా వేసేది 10 ఫ్రెంచ్, అంటే బయటి కొలత 3.3 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం ఇంకా సన్నం. అంతకంటే బాగా లావుది వెయ్యాలంటే ఎండోస్కోపులోని దారి పట్టదు. మెటల్ స్టెంటు ఈ చిక్కును తెలివిగా దాటింది. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగతో అల్లిన జాలీని నొక్కి రెండు మూడు మిల్లీమీటర్ల తొడుగులో పెడతారు. అడ్డు దాటించి తొడుగు వెనక్కి లాగితే ఒంటి వేడికి మెల్లగా విచ్చుకుంటుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో 10 మిల్లీమీటర్లకు చేరుతుంది. వెడల్పు మూడు రెట్లే కదా అనిపిస్తుంది. కానీ గొట్టంలోంచి ఒక నిమిషంలో పారే ద్రవం పరిమాణం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మూడు రెట్ల వెడల్పుకు ఎనభై ఒక్క రెట్లు. ఒంట్లో లెక్క ఇంత నున్నగా ఉండదు గానీ, తేడా ఏ స్థాయిదో చెప్పడానికి చాలు.

ప్లాస్టిక్ మూసుకుపోవడానికి సన్నదనం ఒక్కటే కారణం అనుకోకండి. స్టెంటు కింది కొస డుయోడినంలోకి పొడుచుకుని ఉంటుంది. అంటే పేగులోని బ్యాక్టీరియాకు పైకి దారి తెరిచినట్టే. అవి గొట్టం లోపలి గోడకు జిగురుపొరలా పట్టుకుంటాయి. వాటి ఎంజైము పైత్యరసంలో కరిగి ఉన్న పసుపు పదార్థమైన బిలిరుబిన్‌ను విడగొడుతుంది, అది కాల్షియంతో కలిసి గోధుమరంగు బురదగా పేరుకుంటుంది. కింది నుంచి ఎదురొచ్చిన తిండి పీచు దానికి తోడు. ఇంటి సింకు పైపు బిగుసుకునే తీరే ఇది. దీన్ని ఆపడానికి ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు, రోజువారీ యాంటీబయాటిక్కులు వాడి చూశారు. స్టెంటు ఆయుష్షు పెరిగినట్టు నమ్మదగ్గ రుజువు దొరకలేదు. ఆ మాత్రలు ఇప్పటికీ ప్రిస్క్రిప్షన్లలో కనిపిస్తాయి, ఖర్చులో చేరతాయి.

నాళం కింది భాగపు అడ్డుల మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ రెండు స్టెంట్లనూ పోల్చిన పరిశోధన 1992లో లాన్సెట్‌లో వచ్చింది. పనిచేసిన కాలపు మధ్యస్థం ప్లాస్టిక్‌కు 126 రోజులు, మెటల్‌కు 273. మధ్యస్థం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. "ప్లాస్టిక్ నాలుగు నెలలు పనిచేస్తుంది" అని దాని అర్థం అనుకుంటాం. అసలు అర్థం, దాదాపు సగం స్టెంట్లు నాలుగు నెలలు తిరక్కుండానే మూసుకున్నాయని. అందుకే ప్లాస్టిక్ వేసినవాళ్ళకు మూడు నెలలకే మార్చాలని చెబుతారు. ఆరు నెలల మనిషికి ప్లాస్టిక్ చాలు అనుకున్న ఇల్లు నిజానికి ఒకటి కాదు, రెండు ఈఆర్‌సీపీలు (నోట్లోంచి ఎండోస్కోపు పంపి పిత్తనాళంలో స్టెంటు వేసే ప్రక్రియ) కొంటోంది. మధ్యలో మూసుకుంటే మూడు.

ఇప్పుడు బిల్లు మళ్ళీ వేద్దాం. మార్చిన ప్రతిసారీ ఉండేవి: ఎండోస్కోపీ గది చార్జీ, మత్తు డాక్టరు, గైడ్ వైరు లాంటి ఒకసారికే వాడే సామాన్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష, లివర్ పరీక్ష, ఒకటి రెండు రోజుల బెడ్డు, కారు కిరాయి, తోడొచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలి. వీటి పక్కన పెడితే కొత్త ప్లాస్టిక్ గొట్టం ధర చిల్లర. గడువుకు ముందే మూసుకుంటే చలిజ్వరంతో అడ్మిషను, నరంలోకి యాంటీబయాటిక్కులు, కొందరికి ఐసీయూ. నెదర్లాండ్స్‌లో 2015లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ మొత్తం ఖర్చునే లెక్కకట్టింది. ఏడాది తిరిగేసరికి ప్లాస్టిక్ వేసినవాళ్ళ ఖర్చుకూ మెటల్ వేసినవాళ్ళ ఖర్చుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కొద్ది నెలలే బతికినవాళ్ళలో కూడా లేదు. అంటే "ఆయుష్షు మూడు నెలలు దాటితేనే మెటల్" అన్న పాత సూత్రం అక్కడ నిలబడలేదు.

నెదర్లాండ్స్ లెక్కను తెచ్చి బెంగళూరు మీద అలాగే పెట్టెయ్యడం నిజాయితీ కాదు. అక్కడ ఈఆర్‌సీపీయే ఖరీదైనది, స్టెంటు దానిలో ఒక భాగం. ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో ఈఆర్‌సీపీకి నామమాత్రం తీసుకుని మెటల్ స్టెంటును మాత్రం బయట కొనుక్కురమ్మంటే, నగదు లెక్కలో ప్లాస్టిక్ నిజంగానే చవక. ఆ ఆసుపత్రికి గంటలో చేరగలిగే ఇంటికి ప్లాస్టిక్ తప్పు అని నేననను. ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరాలి. 2017లో కేంద్రం స్టెంట్ల ధరకు పరిమితి పెట్టిందిగా అని కౌంటర్లో వాదించేవాళ్ళుంటారు. ఆ పరిమితి గుండె రక్తనాళాల స్టెంట్లకు. పిత్తనాళపు స్టెంటుకు వర్తించదు. ఆరోగ్య పథకం కార్డో బీమానో ఉంటే, స్టెంటు ప్యాకేజీలో కలిసిందా, విడిగా కట్టాలా అన్నది అడ్మిషన్ రోజునే రాతలో అడగండి.

నా వాదనకు అసలు బలం డబ్బులో కంటే దూరంలో ఉంది. మూసుకున్న స్టెంటు వెనక నిలిచిన పైత్యరసంలో చీము పడితే దాన్ని కోలాంజైటిస్ అంటారు. సాయంత్రం వణుకుతో జ్వరం, అర్ధరాత్రికి బీపీ పడిపోవడం, తెల్లారేసరికి మాట తడబడటం, ఇంత వేగంగా ముదరగలదు. అడ్డు తియ్యకుండా యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు. బెంగళూరు జయనగర్‌లో ఉన్నవాళ్ళకు అది అరగంట ప్రయాణం. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైమాట. అటు చెన్నైలో స్టెంటు వేయించుకుని నెల్లూరు జిల్లా పల్లెకు తిరిగెళ్ళినవాళ్ళ సంగతీ అంతే. దగ్గరి పట్టణంలో సెలైన్ ఎక్కించగలరు, ఈఆర్‌సీపీ చేసే మనిషీ ఎక్స్‌రే తెర గదీ అక్కడ ఉండవు. మనవాళ్ళలో జ్వరమొస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనే అలవాటొకటి. స్టెంటున్న మనిషికి వణుకుతో జ్వరమొస్తే ఆ రాత్రే బయల్దేరాలి. ఇంటివాళ్ళు అడిగే "ఎన్నాళ్ళుంటారు" కంటే "ఎంత దూరంలో ఉంటారు" అన్న ప్రశ్న స్టెంటు ఎంపికకు ఎక్కువ పనికొస్తుంది. దాన్ని అడిగేవాళ్ళు తక్కువ.

కీమో నడుస్తున్నవాళ్ళకు ఇంకో ముడి ఉంది. ఇరినోటెకాన్ లాంటి మందులను కాలేయం పైత్యరసంలోకే పంపిస్తుంది. బిలిరుబిన్ పెరిగి ఉంటే మందు ఒంట్లో నిలిచి విషమవుతుంది, కాబట్టి బిలిరుబిన్ దిగేదాకా కీమో ఆపుతారు. కీమో వల్ల తెల్లకణాలు పడిపోయిన వారంలోనే స్టెంటు మూసుకుంటే ఇన్‌ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. కీమో మొదలుపెట్టాలనుకున్న మనిషికి, అడ్డు నాళం కింది భాగంలో ఉండి క్యాన్సరని రుజువైతే, ప్లాస్టిక్‌కు అనుకూలంగా నాకు ఒక్క కారణమూ తోచదు.

ఇక్కడ "రుజువైతే" అన్న మాట మీద బరువు పెట్టాలి. మెటల్‌లో రెండు రకాలు. పొర లేని ఉత్త జాలీ ఒకటి, సిలికోన్ లాంటి పొర కప్పినది ఒకటి. ఉత్త జాలీ కన్నాల్లోంచి గడ్డ లోపలికి పెరుగుతుంది, కణజాలం తీగల్ని పట్టేస్తుంది. ఇక దాన్ని బయటికి తీయడం కుదరదు. పొర ఉన్నదాన్ని తీయొచ్చు, గడ్డ లోపలికి రాదు. కానీ పట్టు లేక జారిపోవచ్చు, గాల్ బ్లాడర్ గొట్టం మూతిని పొర మూసేస్తే దానికి వాపు రావచ్చు. పనిచేసే కాలంలో ఈ రెంటి మధ్య నమ్మకంగా చెప్పేంత తేడా లేదు. అయితే బయాప్సీ రాకముందే ఉత్త జాలీ వెయ్యడం మాత్రం క్షమించరాని తొందర. పాంక్రియాస్ తలలో కనిపించే ప్రతి వాపూ క్యాన్సర్ కాదు. ఒంటి రక్షణ వ్యవస్థే ఎదురు తిరిగి వాపు తెచ్చే ఐజీజీ4 జబ్బు అచ్చం క్యాన్సర్‌లా కనిపించి స్టెరాయిడ్లకు కరిగిపోతుంది. మన దేశంలో టీబీ గ్రంథులు కూడా నాళాన్ని నొక్కుతాయి. ఆరు నెలల మాత్రలతో తగ్గే మనిషి నాళంలో బతికినంతకాలం తియ్యలేని లోహం ఉండిపోతుంది. రుజువు లేనప్పుడు ప్లాస్టికో, పొర ఉన్న మెటలో వెయ్యాలి.

అందుకే వరస ముఖ్యం. మొదట పాంక్రియాస్ కోసం ప్రత్యేకంగా తీసే సీటీ. స్టెంటు పడ్డాక తీస్తే దాని నీడా, చుట్టూ వాపూ కలిసి గడ్డ ఎంతవరకు పాకిందో తేల్చనివ్వవు. తర్వాత ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో సూది పరీక్ష. ఆ తర్వాత స్టెంటు. జ్వరం ఉంటే ఈ వరసంతా పక్కనపెట్టి ముందు అడ్డు తీస్తారు, అది వేరు. కళ్ళు పచ్చగా ఉన్నాయి కదా అని మొదటి రోజే ఈఆర్‌సీపీకి రాసే చోట, "సీటీ అయ్యాక చేస్తే నష్టమా డాక్టరు గారూ?" అని అడగడం అమర్యాదేమీ కాదు.

ఆపరేషన్ కుదిరే గడ్డ అయితే అసలు స్టెంటే వద్దేమో. పాంక్రియాస్ తల క్యాన్సర్‌లో ముందు స్టెంటు వేసి తర్వాత కోసినవాళ్ళనూ, నేరుగా కోసినవాళ్ళనూ పోల్చిన డచ్ పరిశోధన 2010లో వెలువడింది. తీవ్రమైన ఇబ్బందులు నేరుగా కోసినవాళ్ళలో 39 శాతం, స్టెంటు వేసినవాళ్ళలో 74 శాతం. అందులో బిలిరుబిన్ డెసిలీటరుకు సుమారు 14.6 మిల్లీగ్రాముల లోపున్నవాళ్ళనే తీసుకున్నారు, వేసింది ప్లాస్టిక్. తర్వాత అదే దేశంలో పొర ఉన్న మెటల్ వేసి చూస్తే స్టెంటు వల్ల వచ్చే ఇబ్బందులు 46 నుంచి 24 శాతానికి తగ్గాయి. కాబట్టి జ్వరం లేక, ఆపరేషన్ తేదీ దగ్గర్లోనే ఉంటే స్టెంటు వద్దు. తేదీ దూరమైనా, ముందు కీమో ఇవ్వాలన్నా, దురద భరించలేకున్నా పొట్టి మెటల్ వెయ్యొచ్చు. సర్జను కోసి కుట్టుకోవడానికి దాని పైకొస మీద రెండు సెంటీమీటర్ల నాళం మిగిలితే చాలు. మెటలుంటే ఆపరేషన్ చెయ్యలేరన్న మాటలో నిజం లేదు.

ఇక మెటలే మేలు అనేవాళ్ళతో నా పేచీ. పైన, కుడి ఎడమ గొట్టాలు కలిసే చోట అడ్డు పడితే ఇంతవరకు చెప్పిందంతా తిరగబడుతుంది. గాల్ బ్లాడర్ క్యాన్సర్ పాకినప్పుడు తరచు జరిగేది ఇదే. అక్కడ ఉండేది ఒక గొట్టం కాదు, వేర్లలా చీలిన కొమ్మలు. కాలేయం పరిమాణంలో సగానికి మించిన భాగం నుంచి రసం దిగేట్టు చూసుకోవాలి. కుంచించుకుపోయిన కొమ్మలో స్టెంటు వేస్తే బిలిరుబిన్ దిగదు, ఇన్‌ఫెక్షన్ మాత్రం వస్తుంది. ముందు పిత్తనాళాలను చూపించే ఎంఆర్ఐ స్కాను, ఎంఆర్‌సీపీ, తీసి ఏ కొమ్మ పనికొస్తుందో పటం గీసుకోకుండా ఎండోస్కోపు దించకూడదు. గుడ్డిగా రంగుమందు ఎక్కించి, అది వెళ్ళిన కొమ్మను ఖాళీ చెయ్యకుండా వదిలేస్తే కోలాంజైటిస్‌ను చేతులారా తెచ్చినట్టే. పొర ఉన్న మెటల్ పక్క కొమ్మల మూతులు మూసేస్తుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. ఉత్త జాలీ వేస్తే తియ్యలేం, మళ్ళీ మూసుకున్నప్పుడు ఆ జాలీ కన్నాల్లోంచే వైరు దూర్చాలి. అది చెయ్యి తిరిగినవాళ్ళకూ కష్టం. ఎటువైపు వేస్తే ఫలితం ఉంటుందో తేలేదాకా ప్లాస్టిక్ వెయ్యడం, లేదా పక్కటెముకల మధ్య నుంచి చర్మం గుండా కాలేయంలోని నాళంలోకి పీటీబీడీ అనే గొట్టం పెట్టి చూడటం అక్కడ తెలివైన పని. అంతా తేలాక జాలీలు.

వేసేటప్పుడు జరిగే పొరపాట్లు ఎక్కువగా పొడవు దగ్గరే. 4, 6, 8, 10 సెంటీమీటర్లలో మెటల్ దొరుకుతుంది. గడ్డకు రెండువైపులా ఒకటి రెండు సెంటీమీటర్లు దాటాలి. కొన్ని జాలీలు విచ్చుకుంటూ పొడవు తగ్గుతాయి, ఆ తగ్గుదల ముందే లెక్కవేయాలి. పొట్టిదైతే కొస మీదుగా గడ్డ పెరుగుతుంది. డుయోడినంలోకి మరీ పొడుచుకొస్తే ఎదుటి గోడకు ఒరుసుకుని పుండు పడుతుంది. ఈఆర్‌సీపీ తర్వాత పాంక్రియాస్ వాపు తెలిసిన ప్రమాదమే. దాన్ని తగ్గించడానికి మలద్వారంలో 100 మిల్లీగ్రాముల డైక్లోఫెనాకో ఇండోమెథాసినో పెడతారు. కామెర్లలో విటమిన్ కె ఒంటికి పట్టక రక్తం ఆలస్యంగా గడ్డకడుతుంది, ఆ ఇంజెక్షను ఎందుకని అడగక్కర్లేదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే మాత్రం మీరే నోరు విప్పి చెప్పాలి.

స్టెంటు పనిచేస్తే ముందు మూత్రం తేటపడుతుంది, దురద తగ్గుతుంది. కళ్ళ పసుపు ఆలస్యంగా పోతుంది, ఎందుకంటే కొంత బిలిరుబిన్ ఆల్బుమిన్‌కు అంటుకుని రెండు మూడు వారాలు రక్తంలో తిరుగుతుంది. రెండు వారాలకు అంకె సగానికైనా రాకపోతే అడగాలి. ఈలోగా ఇంట్లో పెట్టే పత్యం, అంటే నూనె లేదు, ఉప్పు లేదు, జావ ఒక్కటే అన్నది ఆపెయ్యండి. రసం పేగులోకి దిగడం మొదలయ్యాక మామూలు అన్నమే బలం. పాంక్రియాస్ జబ్బయితే ఎంజైము క్యాప్సూళ్ళు అన్నం మొదటి ముద్దతోనే మింగాలి, తిన్న గంటకు మింగితే దండగ. ఎంఆర్ఐ తీయాల్సొస్తే నిటినాల్ స్టెంటు మామూలుగా అడ్డురాదు, స్టెంటు కార్డు చూపించాలి.

డిశ్చార్జ్ సమ్మరీలో "స్టెంటింగ్ చేశాం" అని మాత్రమే రాసి ఇస్తే తీసుకోవద్దు. ఏ రకం, ఎన్ని ఫ్రెంచ్‌లు లేదా మిల్లీమీటర్లు, ఎంత పొడవు, ఏ తేదీ, అన్నీ ఉండాలి. ప్యాకెట్ మీది స్టిక్కరు అంటిస్తే ఇంకా మంచిది. ప్లాస్టిక్ అయితే మార్చాల్సిన తేదీని గోడ క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసిపెట్టండి. ఒళ్ళు తేలికపడ్డాక ఆ తేదీని మర్చిపోవడం చాలా సహజం. మరిచిన ప్లాస్టిక్ విరుగుతుంది, జారుతుంది, చుట్టూ రాళ్ళు కడుతుంది.

మెటల్ కూడా చివరికి మూసుకుంటుంది. అప్పుడు బెలూన్‌తో బురద లాగి శుభ్రం చేస్తారు, గడ్డే లోపలికి పెరిగి ఉంటే లోపల ఇంకో స్టెంటు వేస్తారు. మనిషి మంచానికే పరిమితమై, కీమో ఆపేసి, వారాలు లెక్కపెట్టుకుంటున్న దశలో ఆ లోపలి స్టెంటు ప్లాస్టిక్ అయినా సరిపోతుంది. జ్వరంతో బీపీ పడిపోయి వచ్చిన మనిషికి గబగబా అడ్డు తియ్యాల్సిన రాత్రి కూడా 7 ఫ్రెంచ్ ప్లాస్టిక్ గొట్టమొకటి దూర్చి బయటికి రావడమే మంచి వైద్యం. ఆ రాత్రి గడిచి, రిపోర్టులన్నీ చేతికొచ్చాక, మెటల్ సంగతి పగటిపూట కూర్చుని మాట్లాడుకోవచ్చు.